సముద్రానికీ వేసవి సెలవులే

ఏటా ఏప్రిల్ నెల సగం గడిచేసరికి మన కోస్తా పట్టణాలకు రెండు సెలవులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒకటి బడిపిల్లలది. పరీక్షలు ముగిసి ఏప్రిల్ చివరి వారంలో బడి తలుపులకు తాళాలు పడితే, మళ్ళీ జూన్ రెండవ వారానికి గాని అవి తెరుచుకోవు. రెండవది సముద్రానిది. ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు, 61 రోజులపాటు, తూర్పు తీరమంతటా మరపడవలు, ఇంజను బిగించిన పడవలు వేటకు పోరాదు. చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టి పిల్లలు చేసే కాలం గనుక వాటి జోలికి పోరాదని ప్రభుత్వపు ఆజ్ఞ. 2015కు పూర్వం ఈ విరామం 47 రోజులే. ఇంజను లేని నాటు పడవకు మాత్రం ఈ కట్టుబాటు లేదు.

మొదటి సెలవును గూర్చి అందరూ వ్రాస్తారు. రెండవ సెలవు ఏటా పత్రికలో ఒక మూల చిన్న వార్తగా కనబడి మాయమవుతుంది. ఈ రెంటినీ ఒకే ఊళ్ళో, ఒకే వీధి చివర నిలబడి చూడగోరేవారు భీమునిపట్నం వెళ్ళవలసినదని నా సలహా.

విశాఖపట్నం నుండి సముద్రపుటొడ్డు రోడ్డు వెంట ఉత్తరంగా సుమారు 25 కిలోమీటర్లు పోతే ఈ ఊరు వస్తుంది. జనం నోట ఇది భీమిలి. పాండవులలో ఒకడైన భీముడు బకాసురుణ్ణి వధించినది ఇక్కడేనని ఊరివారి ఐతిహ్యం. చరిత్ర మరికొంత చెబుతుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు వచ్చి ఇక్కడ వర్తకశాల పెట్టినారు. మన పూర్వులు వారిని వలందావారనేవారు. 1824 నాటి సంధి ననుసరించి మరుసటి సంవత్సరం ఊరు ఇంగ్లీషువారి వశమైనది. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడినది. ఓడలు వచ్చి లంగరు వేసే రేవుగా వెలిగిన ఈ పట్నం, 1933లో విశాఖలో కొత్త ఓడరేవు తెరవడంతో తన పనిని దానికి అప్పగించి పక్కకు తొలగినది. ఇప్పుడు మిగిలినవి దీపస్తంభం, గడియార స్తంభం, వలందావారి సమాధులు, పెంకుటిళ్ళ వీధులు, సముద్రపు హోరు. ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి ఇంటి అరుగుమీద కూర్చుని పత్రిక చదువుకొంటున్నట్లుంటుంది ఈ ఊరు.

ఇక్కడ వేసవి దినం తెల్లవారుఝామునే మొదలవుతుంది. ఎండ ముదరకముందే నడిచేవారు నడుస్తారు, ఎండబెట్టేవారు ఎండబెడతారు. మేడలమీద వడియాలు, అరుగులమీద మాగాయ ముక్కలు, జాలరిపేటలో పాత వలలు పరచి వాటిమీద నెత్తళ్ళు. మూడు వాసనలూ ఒకే గాలిలో కలిసి వస్తాయి. భీమిలిలో పుట్టిపెరిగినవారు దూరదేశంలో ఉన్నా మరువలేనిది ఈ కలగలుపే కాబోలు. పది దాటేసరికి ఇసుక కాలు పెట్టనివ్వదు. పదకొండు గంటల ప్రాంతాన సముద్రపు గాలి లేస్తుంది. పగటివేళ నేల త్వరగా వేడెక్కి దానిమీది గాలి పైకి లేవగా, ఆ చోటు నింపడానికి నీటిమీది చల్లనిగాలి పరుగున వస్తుందని సామాన్యశాస్త్రం పుస్తకంలో బాణం గుర్తులతో బొమ్మ ఉంటుంది. ఇక్కడ ఆ పాఠం కిటికీరెక్కను తానే టప్పున కొట్టి లోపలికి వస్తుంది.

జాలరిపేటలో వేసవి వేరు. ఒడ్డుకు లాగిన పడవలు వరుసగా బోర్లా, వెల్లకిలా పడి ఉంటాయి. ఒకనాడు తేలిక దుంగలను తాళ్ళతో బిగించిన తెప్పలుండే చోట నేడు ఫైబరు పడవలున్నవి. ఇంజను విప్పి బాగుచేసేవాడొకడు, పడవకు రంగు వేసేవాడొకడు. తాటియాకుల పందిరి కింద నలుగురైదుగురు కూర్చుని, కాలి బొటనవ్రేలికి వల అంచు తగిలించి బిగించి, చేతిలోని సూదితో తెగిన కన్నులను అల్లుతూ ఉంటారు. వల రంధ్రాన్ని వారు కన్ను అంటారు. ఇంతకంటె మంచి మాట మరొకటి లేదు. నెత్తళ్ళ వలకు సన్నకన్ను, కానాగంతల వలకు కొంచెం వెడల్పు, వంజరం వంటి పెద్దచేపల వలకు మరీ వెడల్పు. కన్ను కొలత చూసి ఏ వల ఏ చేపకో చెప్పగల ఏడేండ్ల పిల్లలు ఆ పేటలో ఉన్నారు. బడిలో వారు లెక్కలకు భయపడతారని మనమే అంటాము.

సెలవులకు చుట్టాలింటికి వచ్చిన పట్నపు పిల్లలు ఇక్కడ చేరి ప్రశ్నలు వేస్తారు.

"తాతా, కన్ను ఇంత పెద్దదైతే చేపలు పారిపోవూ?"

"సిన్నయి పోవాల బాబూ. ఇయ్యేడు పోయిందే పైయేడు పెద్దదై వస్తాది," అంటాడు అల్లే తాత, తల ఎత్తకుండా.

ఆ మాటలోనే ఈ 61 రోజుల విరామానికి గల శాస్త్రమంతా ఉన్నది. కాని శాస్త్రం తెలిసినంతమాత్రాన పొయ్యి వెలగదు. వేట విరామానికిగాను రాష్ట్ర ప్రభుత్వం 2019 నుండి వేటకు పోయే ఒక్కొక్కరికి 10,000 రూపాయలు ఇచ్చేది. 2025లో ఆ సొమ్మును 20,000 చేసినారు. రెండు నెలల ఇంటి ఖర్చుకు, వల దారానికి, ఇంజను మరమ్మతుకు, పాత అప్పు వడ్డీకి దానినే పంచుకోవాలి. అదీగాక ఇది పడవ ఎక్కేవారిని లెక్కించి ఇచ్చే సొమ్ము. తెల్లవారుఝామున ఒడ్డున పాట పాడుకొని, గంప నెత్తికెత్తుకొని ఊళ్ళమ్మట తిరిగి అమ్మే ఆడవారి వ్యాపారం కూడా ఆ రోజులలో పడిపోతుంది. వారు ముందే ఎండబెట్టి దాచిన నెత్తళ్ళను, సావిడాయలను కొద్దికొద్దిగా సంతకు తీస్తారు. మనకు సెలవంటే జీతం నడుస్తూ ఉండగా పని నిలవడం. జాలరికి సెలవంటే పని నడుస్తూ ఉండగా కూలి నిలవడం. సముద్రానికి విశ్రాంతి కావలసినదే, అందులో సందేహం లేదు. ఆ విశ్రాంతికి మూల్యం చెల్లిస్తున్నదెవరో ఒడ్డున గాలి పీల్చుకోవడానికి వచ్చినవారికి తెలియడం కూడా కావలసినదే.

పేట దాటి ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలగుండా వచ్చిన నది ఇది. గుహలో ఆవు పొదుగువలె వేలాడే సున్నపురాతి ఆకృతినుండి నీరు కారుతుందని ఆ పేరు వచ్చినదంటారు. వేసవిలో నది సన్నగిల్లి, ముఖద్వారంలో ఇసుక మేట వేస్తుంది. పోటు వేళ సముద్రమే నదిలోకి ఎదురెక్కుతుంది. ఆటు వేళ ఆ నీరు సిగ్గుపడినట్లు వెనుకకు తీస్తుంది. పోటు నిన్న వచ్చిన వేళకు నేడు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఇది చంద్రుని గడియారం. పది రోజులు సెలవులలో అక్కడ ఉండబోయే విద్యార్థి చేయదగిన పని ఒకటి చెబుతాను. ఒక గట్టి కర్రను తడి యిసుకలో పాతి, నీరు దానిని తాకిన వేళను ప్రతిదినం వ్రాసుకోవలెను. పదవనాటికి కాగితంమీద చంద్రుడు నడిచిన బాట కనబడుతుంది.

ఒడ్డున అక్కడక్కడ ఇసుకమీద నల్లని చారలుంటాయి. చాలామంది మురికి అనుకొని తప్పుకొని నడుస్తారు. అది మురికి కాదు. కొండరాళ్ళు అరిగి నదులగుండా వచ్చిన బరువైన ఖనిజాల రేణువులు అవి. అల తేలిక యిసుకను వెనుకకు ఈడ్చుకొనిపోగా బరువైనవి అక్కడే నిలిచిపోతాయి. చిటికెడు ఆరబెట్టి, కాగితంమీద పోసి, కింద అయస్కాంతం తిప్పితే కొన్ని గింజలు లేచి నిలబడతాయి. దీనికి ప్రయోగశాల అక్కరలేదు.

ఇసుక గట్టుమీద మొట్టమొదట కాలూనే మొక్క బాలబందితీగ. చెవులపిల్లి తీగ అని కూడా అంటారు, జంట ఆకు కుందేలు చెవులవలె ఉండడం చేత. ఊదారంగు పూలు ఉదయమే విచ్చి మధ్యాహ్నానికి వాడతాయి. దాని పక్కనే ముండ్ల బంతులతో రావణాసురుని మీసం. ఆ బంతి విడిపోయి గాలికి ఇసుకమీద దొర్లుతూ పోతే పిల్లలు వెంటపడతారు. అది ఆగిన చోటల్లా గింజ రాల్చుతుంది. ఈ రెండూ లేకుంటే గట్టు నిలవదు. తీగ వేళ్ళు ఇసుకను పట్టుకొంటాయి, పట్టుకొన్న ఇసుక తుపాను నాటి అలను ఆపుతుంది. ఊరు శుభ్రపరచడమనే పేరుతో ఈ తీగలను పెరికి చదును చేసేవారిని నేను చూచినాను. వారిపై కోపం కంటె జాలి ఎక్కువ కలుగుతుంది, ఎందుకంటే ఆ తీగ పేరు వారికి ఎవరూ చెప్పలేదు.

సరుగుడు తోటలో పిల్లల ఆట ఒకటున్నది. సూదివంటి ఈనెను ఒక కణుపు దగ్గర విరిచి, మళ్ళీ అతికించినట్లు పెట్టి, విరిచిన చోటేదో చెప్పమంటారు. చెప్పడం కష్టం. ఆ ఈనె ఆకు కాదు, సన్నని కొమ్మ. ప్రతి కణుపు దగ్గర గోరంచు వంటి పొలుసులే దాని ఆకులు. ఆస్ట్రేలియా వైపునుండి వచ్చిన చెట్టు, మన ఉప్పుగాలికి అలవాటుపడిపోయినది. తోట దాటితే తాటిచెట్లు. ఏప్రిల్ నుండి ముంజలు. మూడు కన్నుల కాయను బొటనవ్రేలితో పొడిచి జుర్రినాక మిగిలిన బుర్రలు రెండింటికి పుల్ల గుచ్చి, పంగకర్రతో తోసుకొంటూ పోతే అదే బండి. ఎన్ని బొమ్మల దుకాణాలు వచ్చినా ఈ బండికి పోటీ రాలేదని సంతోషించవచ్చును.

సాయంకాలానికి కొండ ఎక్కవలెను. ఊరి పక్కనే ఉన్న ఈ కొండను పావురాళ్ళకొండ అంటారు. నరసింహస్వామి ఆలయం ఉండడం చేత నరసింహ కొండ అనీ పిలుస్తారు. సముద్రపుటొడ్డున నిలబడిన మనిషి కంటికి నీరూ ఆకాశమూ కలిసే గీత నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుందని చెబితే పిల్లలు నమ్మరు. అనంతదూరమనుకొంటారు. నూరు మీటర్ల ఎత్తు ఎక్కితే అదే గీత 36 కిలోమీటర్లకు జరుగుతుంది. భూమి గుండ్రనిదనడానికి ఇంతకంటె చక్కని నిదర్శనం పుస్తకంలో లేదు. దీపస్తంభాన్ని ఎత్తుగా ఎందుకు కట్టినారో కూడా ఇక్కడే బోధపడుతుంది.

ఈ కొండమీద బౌద్ధ విహారపు శిథిలాలున్నవి. రాతిలో తొలిచిన నీటి తొట్లున్నవి. విశాఖకు వచ్చే దారిలోని తొట్లకొండకు ఆ తొట్లవలననే పేరు వచ్చినది, బావికొండకు బావులవలన. సుమారు రెండువేల సంవత్సరాల క్రిందట భిక్షువులు ఈ కొండలపై నివసించి, కింద రేవులకు వచ్చిపోయే వర్తకుల ఓడలను చూస్తూ ఉండినారు. వాన నీరు ఆ తొట్లలో నిలిచేది. భిక్షువులకు వర్షావాసమనే నియమమొకటి ఉండేది. వానకాలం మూడు నెలలూ వారు సంచారం మాని ఒకచోటనే ఉండాలి. ఎందుకు? అప్పుడే లేచిన పచ్చిక, పొలాలలోని లేతమొక్కలు, నేలమీద పుట్టుకొచ్చే చిన్నచిన్న ప్రాణులు కాళ్ళ కింద నలిగిపోతాయని. సంవత్సరంలో కొంతకాలం నడవకుండా ఉండడం కూడా ధర్మమేనని తెలిసినవారు తిరుగాడిన కొండ ఇది. వేట విరామం నాడు ఆ కొండమీద కూర్చుని కదలని పడవల వరుసను చూచినవారికి ఆ నియమం పాతబడినట్లు తోచదు.

తీరానికి మరొక అతిథి ఉన్నది. జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్ళు చీకటివేళ ఒడ్డుకెక్కి, వెనుకకాళ్ళతో గుంత త్రవ్వి, ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. తల్లి మళ్ళీ తిరిగి చూడదు. పొదిగే పని ఇసుక వేడిమిదే. 45 నుండి 60 రోజులలో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వేడిమి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. కుక్కలూ మనుషులూ త్రవ్వకుండా అటవీశాఖవారు గుడ్లను ఏరి కంచె వేసిన చోట పాతిపెట్టి, పుట్టిన పిల్లలను సముద్రంలోకి వదులుతారు. వేసవి మొదటి రోజులలో అదృష్టవంతులైన పిల్లలకు ఆ దృశ్యం దొరుకుతుంది. అరచేతిలో సగమైనా లేని ప్రాణి, అలవైపు పాకి, మొదటి అలకు వెనక్కు విసరబడి, మళ్ళీ పాకడం. దానికి దారి చెప్పేది వెలుగు. చీకటి ఒడ్డున సముద్రంపైని ఆకాశమే ఎక్కువ వెలుతురుగా ఉంటుంది. అటు పోవాలని దాని పుట్టుకలోనే ఉన్నది. ఒడ్డు రోడ్డుమీది విద్యుద్దీపాలు, విడిది గృహాల దీపమాలలు దానిని ఇటు పిలుస్తాయి. సెలవుల సందడి ఎక్కువైనకొద్దీ ఆ పిలుపు బలపడుతుంది.

తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చనిపోతుంది. తల్లులు ఒడ్డుకు వచ్చేది మార్చి లోపల. వేట ఆగేది ఏప్రిల్ 15న. అంటే సముద్రపు సెలవు చేపకు సకాలంలో వచ్చినది గాని, తల్లి తాబేలుకు ఆలస్యంగా వస్తున్నది. ఈ సంగతిని విద్యార్థులచేత పటంమీద నెలలవారీగా గీయించి చూడండి. వ్యాసరచన పోటీ అక్కరలేకుండానే వారు తర్కిస్తారు.

అందరూ పోయే చోటు, నేను చివరకు మిగిల్చినది, ఎర్రమట్టి దిబ్బలు. భీమిలి–విశాఖ రోడ్డు పక్కనే ఉన్నవి. సుమారు ఇరవైవేల సంవత్సరాల క్రిందట, మంచుయుగం ముమ్మరంగా ఉన్ననాడు, సముద్రమట్టం నేటికంటె 120 మీటర్లంత కిందికి దిగి ఉండినది. బయటపడిన సముద్రగర్భపు ఇసుకను గాలి ఎత్తి ఒడ్డున పోసినది. ఇసుకరేణువుల చుట్టూ ఇనుము తుప్పువలె పట్టి కాలక్రమాన ఎర్రబారినది. వాన నీరు దానిని కోసి, వంకర కాలువలు, నిట్టనిలువు గోడలు, గోపురాల వంటి మొనలు చెక్కినది. ఇట్టి ఎర్ర యిసుక తమిళనాట, సింహళంలో కూడా కొంత ఉన్నది. భారత భూగర్భ పరిశోధన సంస్థ 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించినది. 2025లో ఇది యునెస్కో వారి తాత్కాలిక జాబితా కెక్కినది.

గొప్ప బిరుదులే. అయినను ఆ గోడ గట్టి రాయి కాదు, వ్రేలితో గీస్తే రాలే ఇసుక. సెలవు దినాన వందలమంది ఎక్కి దిగి, జారి, పేర్లు చెక్కి, ఫోటోలు తీయించుకొని పోతారు. చేపకు 61 రోజుల విరామం ఉన్నది, బడికి అంతకంటె కొంత తక్కువ ఉన్నది. దిబ్బకు ఉన్న ఒక్క విరామం వానకాలమే, అప్పుడు కూడా వాన దానిని కోస్తూనే ఉంటుంది. ఉపాధ్యాయ మిత్రులకొక మనవి. విహారయాత్ర పేరిట నలభైమంది పిల్లలను ఒక్కసారిగా దిబ్బలమీద విడువవద్దు. పదిమందిని తీసుకొనిపోండి, వాగు అడుగున నడిపించండి, గోడలోని పొరలను చేతితో తాకకుండా కంటితో లెక్కపెట్టించండి. ఎక్కరాదని చెబితే పిల్లలు నొచ్చుకొంటారు, నిజమే. ఎందుకు ఎక్కరాదో చెబితే మిమ్మల్నే కాపలా కాస్తారు.

జూన్ మొదటి వారానికి తాటాకుల చివర గిజిగాడు గూడు అల్లడం ప్రారంభిస్తాడు. పడమటి ఆకాశం నల్లబడుతుంది. జాలరిపేటలో ఇంజన్లు ఒకటొకటిగా మోగించి చూచుకొంటారు, మంచుగడ్డలు వస్తాయి, గంగమ్మతల్లికి కొబ్బరికాయలు కొడతారు. జూన్ రెండవ వారంలో బడి తెరుస్తారు. కొత్త పుస్తకాల వాసన, హాజరుపట్టీలో కొత్త పేర్లు. 14వ తేదీ అర్ధరాత్రి సముద్రపు తాళం తీస్తారు. చీకటిలో పడవలన్నీ ఒక్కసారిగా బయలుదేరిన మోత ఊరంతటా వినబడుతుంది. ఆ పడవలు తిరిగివచ్చేవేళకు తరగతి గదిలో వెనుక బల్లలు రెండు మూడు ఖాళీగా ఉంటాయి. ఆ పిల్లలెక్కడనో మాష్టారికి తెలుసును. హాజరు వేసే కలం పట్టుకొని ఆయన కాసేపు కిటికీవైపు చూస్తారు.